గతాన్ని తవ్వడమా, ఒంటిని ఊరడించడమా

"జరిగిందేదో జరిగిపోయింది, ఇక మరిచిపో" అన్న మాట వినిపించని తెలుగు ఇల్లు ఉండదు. చెప్పేవాళ్ళు చాలావరకు ప్రేమతోనే చెబుతారు. వినేవాళ్ళకూ మరిచిపోవాలనే ఉంటుంది. అయినా చిన్నప్పుడు రాత్రిపూట తాగివచ్చిన తండ్రి తలుపు బాదడం విని పెరిగిన మనిషికి, ఇరవై ఏళ్ళ తర్వాత పక్కింట్లో ఎవరో తలుపు దబాలున వేసినా అరచేతులు చెమరుస్తాయి, గొంతు తడారిపోతుంది. ఆ క్షణంలో తండ్రి గుర్తుకు రాకపోవచ్చు కూడా. ఒళ్ళు ముందు బెదురుతుంది, కారణం తర్వాతెప్పుడో తడుతుంది, ఒక్కోసారి అసలు తట్టదు. మరిచిపోవడం మనసు చేతిలో పని అనుకుని ఇచ్చే సలహా, మనసు మాట వినని ఒంటి దగ్గర చెల్లకుండా పోతుంది.

ఈ ఖాళీలోకే, లోపలి గాయాన్ని మాన్పుతామనే హీలింగ్ అన్న మాట వచ్చి కూర్చుంది. చేతులతో శక్తిని పంపుతామనే రేకీ, ప్రాణిక్ హీలింగ్, యోగనిద్ర, శ్వాస ప్రక్రియలు, విపశ్యన, పిరమిడ్ ధ్యానం, లోపలి పసితనాన్ని ఓదార్చే ఇన్నర్ చైల్డ్ హీలింగ్, గతజన్మలోకి తీసుకెళ్తామనే పాస్ట్ లైఫ్ రిగ్రెషన్ అన్నీ ఇప్పుడు ఆ ఒక్క మాట కిందే చలామణీ అవుతున్నాయి. వీటిని మొత్తంగా మెచ్చుకునేవాళ్ళూ, మొత్తంగా కొట్టిపారేసేవాళ్ళూ చేస్తున్న పొరపాటు ఒకటే: ఒకదానితో ఒకటి పోలిక లేని పనులను ఒకే గాటన కట్టడం. విడివిడిగా చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ఈ పద్ధతులు మేలు చేసిన చోట చాలావరకు గతం జోలికి వెళ్ళలేదు. ఇప్పటి ఊపిరిని, ఇప్పటి ఒంటిని పట్టుకుని పనిచేశాయి. కీడు చేసిన చోట గతాన్ని తవ్వి తీస్తామని, ఎవరికీ తెలియని కారణాన్ని బయటపెడతామని బయల్దేరాయి.

ఊపిరితో మొదలుపెట్టడం సులువు, ఎందుకంటే అక్కడ జరిగే పనిని కొలవవచ్చు. ప్రమాదం ఎదురైందని మెదడులోని అమిగ్డలా అనే భాగం పసిగడితే, ఆలోచన అందుకునే లోపే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. పాత దెబ్బ తిన్నవాళ్ళలో ఈ అలారం అసలు ప్రమాదం లేనప్పుడు కూడా మోగుతుంటుంది. గుండె వేగాన్ని మనం కోరుకున్నట్టు తగ్గించలేము గానీ ఊపిరిని తగ్గించగలం. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావం వల్ల గుండె కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి, వదిలే ఊపిరిని సాగదీస్తే ఒళ్ళు కొంత కొంతగా సర్దుకుంటుంది. 2001లో ఇటలీ పరిశోధకులు లాటిన్‌లో జపమాల ప్రార్థన చదివేవాళ్ళనూ, "ఓం మణి పద్మే ఓం" అని జపించేవాళ్ళనూ పరిశీలిస్తే, రెండు సందర్భాల్లోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గింది. గుండె, రక్తపోటుల లయ కూడా దానితో కలిసి మెరుగుపడింది. విష్ణు సహస్రనామం మీద ఇలాంటి కొలత వేస్తే ఏం వస్తుందో గానీ, పారాయణం ముగిశాక గుండె తేలికపడిందని చెప్పే పెద్దవాళ్ళ మాటను కేవలం భక్తి ఖాతాలో వేయనక్కర లేదు.

దీన్ని నిజంగా దెబ్బతిన్న జనం మీద పరీక్షించిన సందర్భం మనకు దూరంలో లేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఎనిమిది నెలలకు, తమిళనాడులోని నాగపట్టణం శిబిరాల్లో ఉంటున్న 183 మందితో ఒక అధ్యయనం జరిగింది. కొందరికి ఆర్ట్ ఆఫ్ లివింగ్ సంస్థ నేర్పే సుదర్శన క్రియతో సంబంధమున్న శ్వాస ప్రక్రియను ఎనిమిది గంటల పాటు నేర్పారు. మరికొందరికి అది నేర్పిన తర్వాత, జరిగిన ఘోరాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకుని చెప్పించే చికిత్స కూడా ఇచ్చారు. మూడో జట్టును ఆరు వారాలు ఆగమన్నారు. శ్వాస నేర్చుకున్న రెండు జట్లలోనూ భయం, దిగులు బాగా తగ్గాయి, ఆగినవాళ్ళలో తగ్గలేదు. ఇందులో ఎక్కువమంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది: తలుచుకుని చెప్పే చికిత్స అదనంగా ఇచ్చినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనిపించలేదు. చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా కాక శిబిరాలవారీగా జట్లు కట్టిన అధ్యయనం కాబట్టి దీన్ని తిరుగులేని రుజువు అనలేము. కానీ అంత ఘోరాన్ని చవిచూసినవాళ్ళు చికిత్సలో దాన్ని వర్ణించకుండానే కొంత కుదుటపడగలిగారన్నది చిన్న విషయం కాదు.

యోగా విషయంలో వచ్చిన రుజువు ఇంతకంటే గట్టిది. బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్‌లోని ట్రామా (మానసిక గాయం) సెంటర్‌లో మానసిక వైద్యుడు బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ బృందం, ఏళ్ళ తరబడి చికిత్సలు తీసుకున్నా, ఘోరం అనుభవించాక భయం, పీడకలలు వెంటాడే జబ్బయిన పీటీఎస్‌డీ తగ్గని 64 మంది మహిళలను ఎంచుకుంది. సగం మందికి పది వారాలు, వారానికి ఒక గంట చొప్పున యోగా నేర్పారు. మిగతా సగానికి అంతే సమయం ఆరోగ్య పాఠాలు చెప్పారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం చివరిదాకా పరిశీలనలో ఉన్న యోగా జట్టు 31 మందిలో 16 మందికి పీటీఎస్‌డీ లక్షణాలు రోగమని నిర్ధారించే స్థాయి కంటే కిందికి దిగాయి; రెండో జట్టు 29 మందిలో ఆరుగురికి మాత్రమే అలా జరిగింది. మొదట్లో రెండు జట్లూ మెరుగుపడ్డాయి. నలుగురితో కలిసి కూర్చోవడం, ఎవరో పట్టించుకోవడం అనేవి కూడా మందే మరి. తర్వాత పాఠాలు విన్న జట్టు వెనక్కి జారింది, యోగా జట్టు నిలబడింది.

ఆ క్లాసులో నేర్పిన తీరు మన ఊళ్ళలో చూసే యోగా క్లాసు వంటిది కాదు. మన దగ్గర గురువు "చేతులు పైకి, ఊపిరి బిగబట్టండి, ఇంకా, ఇంకా" అంటాడు. వెనకనుంచి వచ్చి నడుం నొక్కి సరిచేస్తాడు, అదే శ్రద్ధ అనుకుంటాం. ట్రామాను దృష్టిలో పెట్టుకుని నేర్పే యోగాలో ఆజ్ఞ ఉండదు. "వీలనిపిస్తే చేతులు కాస్త పైకి తేవచ్చు, లేదంటే ఒళ్ళోనే ఉంచుకోవచ్చు" అంటారు. అడగకుండా ఎవరూ ఒంటి మీద చెయ్యి వేయరు. కళ్ళు మూసుకోవాలన్న నియమం లేదు, ఎందుకంటే చీకట్లో దెబ్బతిన్నవాళ్ళకు కనురెప్పల వెనక చీకటే భయం. అందరికీ హాయి అనిపించే శవాసనం కూడా, వెల్లకిలా పడుకుని కదలకుండా ఉండడం ఒకప్పుడు బలవంతంగా అనుభవించిన స్త్రీకి నరకం కావచ్చు. అందుకే దాన్ని కూర్చుని చేయవచ్చు, పూర్తిగా మానేయనూ వచ్చు. దెబ్బ తగిలిన రోజున ఆ మనిషికి లేనిదల్లా "వద్దు" అనగల వీలు. ఈ క్లాసులో గంటసేపు, ఆసనం ఆసనానికీ, ఆ వీలు తిరిగి చేతికి వస్తుంది. అసలు వైద్యం వంగడంలో ఉందా, వంగనని అనగలగడంలో ఉందా అన్నది పరిశోధకులు ఇంకా విడదీసి తేల్చలేదు గానీ, రెండోదాని వాటా తక్కువేమీ కాదనిపిస్తుంది.

ధ్యానం దగ్గరికి వచ్చేసరికి లెక్క కొంచెం తిరగబడుతుంది. విపశ్యన పది రోజుల శిబిరాన్నే తీసుకుందాం. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టిన ఈ పద్ధతికి హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం ఉంది. ఫీజు లేదు, శిబిరం పూర్తి చేసినవాళ్ళ దగ్గరే విరాళం తీసుకుంటారు. ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, హీలింగ్ బజారులో ధర చెప్పని చోటు అరుదు కావడమే. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. రోజుకు సుమారు పది గంటలు కూర్చోవాలి. మాట లేదు, ఫోను లేదు, పుస్తకం లేదు, పక్కవాడి కళ్ళలోకి చూడడమూ లేదు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరిని గమనిస్తారు. నాలుగో రోజు మధ్యాహ్నం అసలు విపశ్యన ఇస్తారు, ఆనాటి నుంచి రోజుకు మూడుసార్లు గంటసేపు కాళ్ళూ చేతులూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చునే అధిష్ఠానం మొదలవుతుంది. మోకాలు మండుతుంది. ఆ మంటను చూస్తూ ఉండమంటారు. కాసేపటికి ఆ మంట దానంతటదే ముక్కలై కరిగిపోతుంది. వచ్చినది పోతుందన్న సంగతి పుస్తకంలో చదివినప్పటికంటే మోకాలి దగ్గర నేర్చుకున్నప్పుడు గట్టిగా నాటుకుంటుంది. 1994లో కిరణ్ బేడీ హయాంలో తీహార్ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి ఈ శిబిరం చేశారు.

అయితే తొమ్మిది రోజుల మౌనంలో మోకాలి నొప్పి ఒక్కటే పైకి రాదు. కప్పిపెట్టినవన్నీ వస్తాయి. పరధ్యానంగా ఉండడానికి ఏ ఆసరా లేని చోట, ఎప్పుడో జరిగిన అత్యాచారమో, కళ్ళముందు చూసిన చావో అప్పుడే జరుగుతున్నట్టు ముంచుకొస్తే, "దాన్ని సమతతో గమనించు" అన్న సూచన కొందరికి సరిపోదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్లోబీ బ్రిటన్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో, పాశ్చాత్య బౌద్ధ ధ్యానులతో మాట్లాడినప్పుడు భయాందోళనలు, నిద్ర పట్టకపోవడం, పాత ట్రామా మళ్ళీ అనుభవానికి రావడం వంటివి వరుసగా బయటపడ్డాయి. విపశ్యన కేంద్రాల దరఖాస్తులో మానసిక అనారోగ్యం గురించి, మందుల గురించి అడిగేది ఊరికే కాదు. ఆ ప్రశ్న దగ్గర "లేదు" అని రాసేసి వెళ్ళేవాళ్ళు, అసలు నిజం చెబితే చేర్చుకోరేమోనన్న భయంతోనే అలా రాస్తారు. అదే వాళ్ళకు అన్నిటికంటే చెరుపు చేస్తుంది. రోజూ ఇరవై నిమిషాల ధ్యానం వేరు, పది రోజుల శిబిరం వేరు. మొదటిది పలచని మజ్జిగ, రెండోది శస్త్రచికిత్స.

మంత్రాన్ని మనసులో జపించే భావాతీత ధ్యానం (ట్రాన్సెండెంటల్ మెడిటేషన్) గురించి ఒక మాట. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 203 మంది అమెరికన్ మాజీ సైనికులను మూడు జట్లు చేసి చూస్తే, జరిగిన ఘటనను పదే పదే తలుచుకునే చికిత్సకు ఈ మంత్రధ్యానం తీసిపోలేదని తేలింది. ముఖ్య పరిశోధకుడు మహర్షి మహేశ్ యోగి పేరున్న విశ్వవిద్యాలయం మనిషే అన్న సంగతి మనసులో ఉంచుకుని చదవాలి. అయినా ఇక్కడ కూడా ధ్యానం చేసినవాళ్ళు చికిత్సలో భాగంగా యుద్ధం గురించి చెప్పుకోనక్కర లేకపోయింది.

ఇక గతాన్ని తవ్వే పద్ధతుల సంగతి. పిరమిడ్ ధ్యానం వ్యాపించిన నాటి నుంచి మన పట్టణాల్లో గతజన్మల మాట కొత్తది కాకుండా పోయింది. నీళ్ళంటే భయపడే మనిషిని పడుకోబెట్టి, మెల్లమెల్లగా హిప్నాసిస్‌లోకి తీసుకెళ్ళి, "ఇంకా వెనక్కి వెళ్ళండి, ఏం కనిపిస్తోంది?" అని అడిగితే, నది కనిపిస్తుంది, పడవ కనిపిస్తుంది, మునిగిపోవడం కనిపిస్తుంది. మనిషి వెక్కి వెక్కి ఏడుస్తాడు. లేచాక తేలిగ్గా ఉందంటాడు. ఆ తేలిక అబద్ధం కాదు. అరగంట సేపు ఒక మనిషి పూర్తి శ్రద్ధతో విన్నప్పుడు, బిగబట్టిన ఏడుపు బయటపడినప్పుడు ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది. అక్కడ కనిపించిన నది నిజమేనా అన్నదే ప్రశ్న.

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త నికొలస్ స్పానోస్ ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టాడు. గతజన్మలోకి పంపబోయే ముందు కొందరితో, ఆ కాలంలో పిల్లలను తరచూ హింసించేవారని ముందుగా చెప్పాడు. అలా విన్నవాళ్ళు తమ గత జన్మ బాల్యంలో హింసను ఎక్కువగా "గుర్తుచేసుకున్నారు". అంటే వెళ్ళేముందు చెవిన పడిన మాటే, వెనక్కి వెళ్ళాక కళ్ళకు దృశ్యమైంది. ఈ జన్మ జ్ఞాపకాలకైనా ఇంతకంటే కాపలా లేదు. 1995లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ ఒక ప్రయోగంలో 24 మందికి వాళ్ళ ఇంటివాళ్ళు చెప్పిన మూడు నిజమైన సంగతులతో పాటు, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారన్న కల్పిత సంగతినీ కలిపి ఇచ్చింది. ఆరుగురు ఆ జరగని సంగతిని పూర్తిగానో కొంతగానో గుర్తుకు తెచ్చుకున్నారు. 1980ల చివరా 1990లలోనూ అమెరికాలో ఇలా "తవ్వి తీసిన" జ్ఞాపకాల మీద కన్న తల్లిదండ్రుల పైనే కేసులు నడిచాయి, కుటుంబాలు విడిపోయాయి. వాటిలో చాలా చోట్ల నిజమేదో, చికిత్స గదిలో పుట్టినదేదో తేల్చడం కష్టమైంది. నిజంగా హింసకు గురైనవాళ్ళకు అది రెండో అన్యాయం, ఎందుకంటే ఆ గొడవ తర్వాత వాళ్ళ మాట నమ్మేవాళ్ళు కూడా తగ్గారు.

తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో మెలిక ఉంది. "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అనడం మన నోటికి అలవాటు. అది ఒక నిట్టూర్పు. దానికి ఊరూ పేరూ ఉండవు, ఎవరి మీదా నేరం మోపదు, కాసేపటికి గాలిలో కలిసిపోతుంది. రిగ్రెషన్ సిటింగ్ ఆ నిట్టూర్పుకు ముఖం తగిలిస్తుంది. కొట్టే భర్త గత జన్మలో నీ చేతిలో చచ్చిన బానిస, నువ్వు అప్పు తీర్చుకుంటున్నావు, ఈ ఒప్పందం నీ ఆత్మే పుట్టకముందు చేసుకుంది అన్న కథ ఒకసారి చేతికి వస్తే, ఆ ఇల్లాలికి కొన్నాళ్ళు ఓర్పు దొరకవచ్చు. దానితోపాటే నేరం కొట్టినవాడి మీదనుంచి దిగి దెబ్బ తిన్న మనిషి నెత్తికెక్కుతుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్ళాల్సిన కాళ్ళు క్షమాపణ ధ్యానానికి వెళతాయి. గతజన్మ ఉందా లేదా అన్న వాదన పక్కన పెట్టినా, ఈ ఒక్క కారణం చేతనే ఈ పద్ధతిని గృహహింస బాధితుల దరిదాపులకు రానివ్వకూడదు.

గతాన్ని తాకడమే తప్పని దీని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు పీటీఎస్‌డీకి సూచించినవాటిలో ట్రామాను నేరుగా ఎదుర్కొనే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ సరిదిద్దే మాటల చికిత్స), ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిపించే చికిత్స) ఉన్నాయి. వాటిలో మనిషికి ఇప్పటికే తెలిసిన జ్ఞాపకాన్ని శిక్షణ పొందినవారు కొలత ప్రకారం ముట్టుకుంటారు, తెలియనిదాన్ని కనిపెట్టరు. 2000లో న్యూయార్క్‌లో కరీమ్ నాదర్, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇందుకు ఒక ఆధారం చూపింది. శబ్దానికి భయపడడం నేర్చిన ఎలుకకు ఆ శబ్దం మళ్ళీ వినిపించి, వెంటనే అమిగ్డలాలో ప్రోటీన్ తయారీని ఆపితే, ఆ భయం పోయింది. తలుచుకున్నప్పుడు జ్ఞాపకం కాసేపు పచ్చిగా మారి మళ్ళీ గట్టిపడగలదన్నమాట. పచ్చిగా ఉన్నప్పుడు అందులో ఉపశమనాన్ని కలపవచ్చు, అబద్ధాన్నీ కలపవచ్చు. ఎవరి చేతిలో పచ్చిగా ఉందన్నదే తేడా.

ఖర్చు లేని పద్ధతి ఒకటుంది, దాన్ని అమ్మేవాళ్ళు లేరు కాబట్టి ప్రచారం తక్కువ. 1986లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ కాలేజీ విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, పదిహేను నిమిషాల చొప్పున, తమ జీవితంలోని బాధాకరమైన ఘటన గురించి రాయమన్నాడు. ఏం జరిగిందో, ఏమనిపించిందో రెండూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. రాసిన కొత్తలో మాత్రం వాళ్ళకు దిగులు పెరిగింది. ఇక్కడ గతం ఉంది గానీ, దానికి అర్థం చెప్పే మూడో మనిషి లేడు. కలం ఆపేయాలనిపిస్తే ఆపేయవచ్చు. దీనికి ఎదురుగా, ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒకే సిటింగ్‌లో అంతా చెప్పించే పద్ధతి పీటీఎస్‌డీని ఆపలేదని, కొందరికి హాని కూడా చేసి ఉండవచ్చని వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2002 సమీక్ష తేల్చింది.

చేతులతో శక్తిని పంపే పద్ధతుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1998లో ఎమిలీ రోసా అనే పాఠశాల బాలిక పేరు కూడా రచయితల్లో ఉన్న పరిశోధనలో, ఒంటి చుట్టూ శక్తిని చేతులతో గుర్తిస్తామనే 21 మందిని అట్ట తెర వెనక నుంచి చేతులు చాపమన్నారు. పాప చెయ్యి తమ ఏ చేతి పైన ఉందో 280 సార్లలో 123 సార్లే సరిగ్గా చెప్పగలిగారు. అంటే 44 శాతం, నాణెం ఎగరేసినదాని కంటే తక్కువ. రేకీ గదిలో మనసు కుదుటపడదని దీని అర్థం కాదు. మసక వెలుతురు, నిశ్శబ్దం, తొందరలేని మనిషి, ఇవి ఎవరినైనా ఊరడిస్తాయి. వాటికే డబ్బు ఇస్తున్నామని తెలిసి ఇస్తే అందులో మోసమేమీ లేదు.

ఇన్ని చికిత్సలు ఉండగా జనం హీలర్ల దగ్గరికే ఎందుకు వెళతారన్న ప్రశ్నకు జవాబు వాళ్ళ అజ్ఞానంలో లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో రకరకాల మానసిక వ్యాధులున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దానికి తోడు మన మాటల్లో, హైదరాబాద్ మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ అన్నది ఒక పేట పేరు కాదు, తిట్టు. "నిన్ను ఎర్రగడ్డలో చేర్చాలి" అని పిల్లలు కూడా అనుకుంటారు. ఆ తిట్టు తినకుండా, పెళ్ళి సంబంధానికి అడ్డు రాకుండా, మందుబిళ్ళ లేకుండా, ధ్యానమనే గౌరవమైన పేరుతో ఊరట దొరుకుతుందంటే ఎవరైనా అటే నడుస్తారు. హీలర్ గంటసేపు వింటాడు; రద్దీగా ఉన్న ఓపీలో డాక్టరుకు ఐదు నిమిషాలు కూడా దొరకవు.

కాబట్టి నడిచేవాళ్ళను ఆపడం కంటే, గుమ్మం దగ్గర ఏం చూసుకోవాలో చెప్పడం మేలు. ముందే వాడుతున్న మందులు మానేయమనే చోట అడుగు పెట్టకూడదు. కళ్ళు తెరుచుకుని ఉంటానంటే, ఈ ప్రశ్నకు జవాబు చెప్పనంటే, మధ్యలో లేచి వెళతానంటే "మీ అహం అడ్డుపడుతోంది", "బ్లాకేజ్ రిలీజ్ కావడం లేదు" అని ఒత్తిడి చేసేవాళ్ళు, మనిషి ఏ నిస్సహాయతలో దెబ్బతిన్నాడో దాన్నే మళ్ళీ తెచ్చి పెడుతున్నారు. చనిపోవాలనిపిస్తోందా అని మొదటి రోజే అడిగేవాళ్ళు, "మీ వల్ల కాకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు?" అంటే తడుముకోకుండా ఒక డాక్టరు పేరు చెప్పేవాళ్ళు వేరుగా కనిపిస్తారు. ఆ పేరు వాళ్ళ దగ్గర లేకపోతే, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఉంది. పగలూ రాత్రీ ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.